అడిగేది వయసు, చేతికి వెళ్లేది జాతకం

వెబ్‌సైట్ తెరవగానే పుట్టిన తేదీ అడిగే చిన్న పెట్టె ఇంటర్నెట్ వాడే వారందరికీ పరిచయమే. పదకొండేళ్ల పిల్ల అందులో తాను పుట్టిన సంవత్సరాన్ని కొంచెం వెనక్కి జరిపితే చాలు, తలుపు తెరుచుకునేది. ఆ అబద్ధం పిల్లకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, సైటు నడిపేవారికీ తెలుసు. అమెరికా 1998లో చేసిన పిల్లల ఆన్‌లైన్ గోప్యతా రక్షణ చట్టం 13 ఏళ్ల లోపు వారి వివరాలు సేకరించడానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. అయితే పిల్లల కోసమే నడిచే సైట్లను మినహాయిస్తే, మిగతావాటికి ఆ బాధ్యత ఎదుటివారు పిల్లలని తెలిసినప్పుడే వస్తుంది. అందువల్ల వయసు అడిగి, వచ్చిన జవాబును రాసుకుని, అంతకుమించి తెలుసుకోకుండా ఉండడమే కంపెనీలకు క్షేమమైంది. రెండు దశాబ్దాలకు పైగా ఇదే పద్ధతి నడిచింది.

ఇప్పుడు ఆ పెట్టెకు కాలం చెల్లుతోంది. బ్రిటన్ 2023లో చేసిన ఆన్‌లైన్ భద్రతా చట్టం ప్రకారం, అశ్లీల దృశ్యాలు, ఆత్మహత్యను లేదా స్వీయహానిని ప్రోత్సహించే అంశాలు పిల్లల కంట పడే అవకాశమున్న సేవలు 2025 జూలై 25 నుంచి గట్టి వయసు తనిఖీ జరపాలి. ఉల్లంఘిస్తే 1.8 కోట్ల పౌండ్లు, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 10 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత వరకు జరిమానా పడవచ్చు. ఆస్ట్రేలియా 16 ఏళ్ల లోపు వారికి ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలు ఉండకూడదని చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చింది. అశ్లీల సైట్లు వయసు తనిఖీ చేయాలన్న టెక్సస్ రాష్ట్ర చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌లో సమర్థించింది. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి డేటాను వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి కావాలంటోంది. వయసు హద్దులు, శిక్షలు దేశానికొక తీరున ఉన్నా, అన్నిటి వెనకా ఒకే ప్రశ్న ఉంది: తెరకు అవతల ఉన్నది ఎన్నేళ్ల మనిషి?

ఈ ప్రశ్న న్యాయమైనదేనని ముందుగా ఒప్పుకోవాలి. పిల్లలు చూడకూడనివి ఒక్క వేలితాకిడికి ఎదురవుతున్న మాట నిజం. వారి చేతికి ఫోన్ ఇచ్చి, బాధ్యతంతా తల్లిదండ్రులదేనని కంపెనీలు చేతులు దులుపుకోవడం అన్యాయం. కానీ ప్రశ్న న్యాయమైనదైనంత మాత్రాన దానికి జవాబు రాబట్టే ప్రతి పద్ధతీ న్యాయమైనది కాదు. ఈ చర్చలో తరచుగా మరుగున పడే విషయాలు రెండున్నాయి. మొదటిది, పిల్లలను మాత్రమే విడిగా తనిఖీ చేసే మార్గం లేదు. వడ్లలోంచి రాళ్లు ఏరాలంటే వడ్లన్నిటినీ జల్లెడ పట్టాల్సిందే. కాబట్టి పిల్లలను ఆపడానికి పెట్టిన గేటు దగ్గర పెద్దలందరూ తమ వయసు నిరూపించుకోవాలి. రెండోది, చట్టం అడిగేది 'ఎన్నేళ్లు' అని మాత్రమే. అమల్లోకి వచ్చేసరికి చాలా చోట్ల అది 'నువ్వెవరు' అనే ప్రశ్నగా మారిపోతోంది. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం ఎంత, ఆ దూరాన్ని ఏ పద్ధతి ఎంతవరకు నిలుపుతుంది అన్నదే అసలు విషయం.

దుకాణం కౌంటర్ దగ్గర వయసు రుజువుగా కార్డు చూపించడం లాంటిదే కదా, ఇందులో కొత్తేముంది అని కొందరు అడుగుతారు. కౌంటర్ వెనక ఉన్న మనిషి కార్డును రెండు క్షణాలు చూస్తాడు, తల ఊపుతాడు, పది నిమిషాల్లో మరిచిపోతాడు. అతని చూపు నకలు తీసుకోదు. ఆన్‌లైన్‌లో జరిగేది పూర్తిగా వేరు. కార్డును బల్ల మీద పెట్టి ఫోటో తీసి పంపుతాము. ఆ ఫోటోలో పుట్టిన తేదీతో పాటు పూర్తి పేరు, కార్డు నంబరు, ముఖం, చాలా కార్డుల్లో ఇంటి చిరునామా కూడా ఉంటాయి. ఫోటోను అందుకునేది మనం తెరిచిన సైటు కాకపోవచ్చు, దాని తరఫున పనిచేసే మరొక కంపెనీ కావచ్చు. దానికి సర్వర్లు అద్దెకిచ్చేది ఇంకొకరు. ఫోటో సరిగా రాలేదనో, అనుమానం ఉందనో సాఫ్ట్‌వేర్ ఆపితే దాన్ని చూసే ఉద్యోగి ఏ దేశంలో కూర్చున్నాడో మనకు తెలియదు. కావలసింది 'అవును' అనే ఒక్క మాట. దాని కోసం కదిలింది మనిషి మొత్తం ఆనవాలు.

ఇది ఊహించి భయపడుతున్న ప్రమాదం కాదు. 2025 అక్టోబరులో, ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే వేదిక నడిపే డిస్కార్డ్ సంస్థ, తమ కస్టమర్ సేవలు చూసే బయటి కంపెనీలో చొరబాటు జరిగిందని, దాదాపు 70,000 మంది వినియోగదారుల ప్రభుత్వ గుర్తింపు కార్డుల ఫోటోలు బయటపడి ఉండవచ్చని ప్రకటించింది. ఆ ఫోటోలు ఎందుకు అక్కడ ఉన్నాయన్నది గమనించాలి. వయసు విషయంలో తమకు వ్యతిరేకంగా వచ్చిన నిర్ణయాన్ని తిరిగి పరిశీలించమని కోరిన వారు పంపిన కార్డులే అవి. ప్రధాన దారి ఎంత జాగ్రత్తగా కట్టినా, యంత్రం పొరబడినప్పుడు మనుషులను పంపే పక్కదారిలో కార్డులు పేరుకుపోయాయి. ఏ వ్యవస్థనైనా అంచనా వేసేటప్పుడు నేను ముందు ఈ పక్కదారినే చూడమంటాను.

దక్షిణ కొరియా ఈ పాఠాన్ని ఇంతకు ముందే నేర్చుకుంది. ఆన్‌లైన్‌లో దూషణలను అరికట్టే ఉద్దేశంతో 2007లో ఆ దేశం పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే అసలు గుర్తింపును ధ్రువీకరించుకోవాలనే నిబంధన తెచ్చింది. అది వయసు తనిఖీ కాదు, అయినా అల్లిక అదే: ఒక సమస్యను ఆపడానికి అందరి గుర్తింపునూ కంపెనీల దగ్గర పోగుచేయడం. 2011 జూలైలో అక్కడి నేట్, సైవరల్డ్ సైట్ల మీద జరిగిన దాడిలో సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి వెళ్లాయి. అప్పటి జనాభా దాదాపు 5 కోట్లు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు గానీ, పుట్టుకతో ఇచ్చిన పౌర నంబరును మార్చుకోవడం అంత తేలిక కాదు. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఈ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టివేసింది.

పుట్టిన తేదీ ఒక్కటే ఇస్తే నష్టమేమిటి అనిపించవచ్చు. అమెరికా పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000 సంవత్సరంలో చూపించిన లెక్క ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని పేరు లేకుండానే విడిగా గుర్తించవచ్చని ఆమె అంచనా. పుట్టిన రోజు తెలిసిన మనిషి గుంపులోంచి సగం బయటికి వచ్చినట్టే. '18 నిండాయి' అనే మాటకు ఆ గుణం లేదు, ఎందుకంటే అది కోట్ల మందికి ఒకేలా వర్తిస్తుంది. తేదీ అడగడానికీ, హద్దు దాటారా అని అడగడానికీ ఉన్న ఈ తేడా ఫారం తయారుచేసేవారికి చిన్నదిగా కనిపించవచ్చు గానీ, గోప్యత అంతా ఆ తేడాలోనే ఉంది.

కార్డు వద్దనుకున్నచోట ముఖం వస్తుంది. ఫోన్ ముందు ముఖం పెడితే, లక్షలాది ఫోటోలతో శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్ చర్మం, ఎముకల పొందిక వంటి సూచనలను బట్టి వయసును అంచనా కడుతుంది. ఇది ముఖాన్ని గుర్తుపట్టడం కాదని దాన్ని తయారుచేసేవారు అంటారు, ఆ మాట నిజమే. ముఖ గుర్తింపు 'ఈ మనిషి ఎవరు' అని వెతుకుతుంది, వయసు అంచనా 'ఈ ముఖం ఎన్నేళ్లది' అని మాత్రమే చూస్తుంది. చిత్రం ఫోన్ దాటకుండా అక్కడికక్కడే లెక్క పూర్తయి చెరిగిపోతే, కార్డు పంపడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. చిక్కేమిటంటే, చిత్రం నిజంగా ఫోన్‌లోనే ఆగిందా, సర్వర్ దాకా వెళ్లిందా అన్నది వాడేవారికి కంటికి కనబడదు.

దాని కచ్చితత్వం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఆరు సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించింది. 2014లో ఇలాంటి పరీక్షలో సగటున 4.3 ఏళ్లుగా తేలిన పొరపాటు, అదే రకం వీసా ఫోటోల మీద 3.1 ఏళ్లకు తగ్గింది. పదేళ్లలో ఇది మంచి ప్రగతే. కానీ మూడేళ్ల సగటు పొరపాటు అంటే ఏమిటో 18 అనే గీత దగ్గర నిలబడి చూడండి. పదహారేళ్ల కుర్రాడు పందొమ్మిదిగా కనబడవచ్చు, ఇరవై ఏళ్ల యువతి పదిహేడుగా కనబడవచ్చు. మహిళల ముఖాల విషయంలో పొరపాటు దాదాపు ప్రతిసారీ ఎక్కువగా ఉందని కూడా నిస్ట్ గమనించింది. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ వాడేవారు గీతను 18 దగ్గర కాక, 23 దగ్గరో 25 దగ్గరో గీస్తారు. యంత్రానికి 25 దాటినట్టు కనిపించినవారు నేరుగా వెళ్తారు, మిగిలినవారు ఇంకో ఆధారం చూపాలి. ఆ ఇంకో ఆధారం సాధారణంగా గుర్తింపు కార్డే. అంటే, కార్డు అక్కర్లేదని చెప్పిన పద్ధతిలోనే, 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్న పెద్దవారిలో చాలామంది, చిన్నగా కనిపించే స్త్రీలు మరీ ఎక్కువగా, తిరిగి కార్డు దగ్గరికే చేరుతారు. మరోవైపు, 2025 జూలైలో బ్రిటన్‌లో కొందరు కెమెరాకు ఒక వీడియో గేమ్ పాత్ర ముఖాన్ని చూపించి తనిఖీని దాటేశారు. నిజమైన యువతిని ఆపి బొమ్మను వదిలిపెట్టే గేటు పిల్లలకు ఎంత రక్షణ ఇస్తుందో ఆలోచించాలి.

మూడో పద్ధతిలో అసలు ఏమీ అడగరు. ఏ వీడియోలు చూస్తున్నారు, ఏం వెతుకుతున్నారు, ఖాతా ఎన్నేళ్ల నాటిది అనే సూచనలను బట్టి కంపెనీయే వయసును ఊహిస్తుంది. అమెరికాలో యూట్యూబ్ 2025 ఆగస్టు నుంచి ఇలాంటి పద్ధతి మొదలుపెట్టింది. వాడేవారికి ఇది అన్నిటికంటే సుఖంగా అనిపిస్తుంది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టేదీ ఇదే. ఊహ సరిగా ఉండాలంటే గమనింపు ఆగకూడదు. పిల్లలను కాపాడడానికి అందరి మీదా నిరంతర నిఘా అవసరమనే వాదనకు ఇది దారి వేస్తుంది. భారత చట్టంలోని తొమ్మిదో సెక్షన్ పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని నిషేధిస్తుంది. మరి పిల్లలో కాదో తేల్చుకోవడానికే గమనించాల్సి వస్తే ఎలా? ఆ చిక్కు ఊహాత్మకం కాదు కాబట్టే, వినియోగదారు పిల్ల కాదని నిర్ధారించుకునే పనికి ఆ చట్టం నిబంధనల్లో ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఆ మినహాయింపు గుమ్మం ఎంత ఇరుకుగా ఉంటుందన్నది అమలులో తేలాలి.

ఇంతకీ, ఎవరో చెప్పకుండా వయసు మాత్రం నిరూపించడం సాధ్యమేనా? సాధ్యమే. దానికి కావలసిన గణితం నలభై ఏళ్ల కిందటిది. 1980ల ఆరంభంలో గూఢలిపి శాస్త్రవేత్త డేవిడ్ చామ్ ప్రతిపాదించిన గుడ్డి సంతకం అనే ఆలోచనను ఒక కవరుతో అర్థం చేసుకోవచ్చు. ఒక కాగితం మీద మీకు మాత్రమే తెలిసిన పెద్ద అంకె రాసి, లోపల కార్బన్ పూత ఉన్న కవరులో పెట్టి మూసేశారనుకోండి. మీ వయసు తెలిసిన ప్రభుత్వ కార్యాలయానికో బ్యాంకుకో ఆ కవరు తీసుకెళ్తారు. వారు మీ వయసు సరిచూసి, కవరు తెరవకుండా పైన సంతకం చేస్తారు. కార్బన్ వల్ల ఆ సంతకం లోపలి కాగితం మీద పడుతుంది. ఇంటికి వచ్చి కవరు చించి, కాగితాన్ని మాత్రం వెబ్‌సైటుకు ఇస్తారు. సంతకం అసలుదే కాబట్టి 18 నిండాయని సైటుకు నమ్మకం కలుగుతుంది, కానీ ఇచ్చినవారెవరో తెలియదు. సంతకం చేసినవారికి మీరెవరో తెలుసు, కానీ ఆ కాగితం ఎక్కడ వాడారో తెలియదు. రేపు ఇద్దరూ కూర్చుని తమ చిట్టాలు కలిపి చూసుకున్నా, కవరు పైన చేసిన సంతకానికీ లోపలి అంకెకూ ముడి వేయలేరు.

1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలి, చార్ల్స్ రాకాఫ్ రూపొందించిన జీరో నాలెడ్జ్ ప్రూఫ్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఒక రహస్యం నా దగ్గర ఉందని, ఆ రహస్యాన్ని ఏమాత్రం బయటపెట్టకుండానే నిరూపించే పద్ధతి అది. ఫోన్‌లో ప్రభుత్వ సంతకం ఉన్న డిజిటల్ కార్డు ఉంటే, అందులోని పుట్టిన తేదీని చూపకుండా, ఆ తేదీ ఫలానా రోజుకు ముందుదేనని మాత్రం రుజువు చేయవచ్చు. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ ఆర్కామ్ 2024లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, అక్కడి అశ్లీల సైట్లు కనీసం ఒక్క పద్ధతినైనా రెండు వైపులా అజ్ఞాతంగా ఉండేలా అందించాలి. అంటే సైటుకు మనిషి తెలియకూడదు, వయసు ధ్రువీకరించేవారికి సైటు తెలియకూడదు. యూరోపియన్ కమిషన్ 2025 జూలైలో ఇదే దిశలో ఒక యాప్ నమూనాను విడుదల చేసి, డెన్మార్క్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, స్పెయిన్‌లతో ప్రయోగం మొదలుపెట్టింది.

ఈ దారి మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది. ఉంది కాబట్టే దాని లోపాలను దాచకుండా చెప్పాలి. అన్నిటికంటే లోతైన చిక్కు అజ్ఞాతంలోనే ఉంది. కాగితం ఎవరిదో ఎవరికీ తెలియకపోతే, అది చేతులు మారినా ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ల అన్న తన రుజువును పధ్నాలుగేళ్ల తమ్ముడికి ఇవ్వవచ్చు, ఒకరు వేలమందికి అమ్మనూవచ్చు. దీన్ని ఆపడానికి రుజువును ఒక ఫోన్‌కు కట్టేయాలి, ఫోన్‌లోని భద్రతా చిప్ సాక్ష్యం చెప్పాలి, ప్రతి రుజువునూ ఒక్కసారికే పరిమితం చేయాలి. ఒక్కొక్క తాళం వేసినకొద్దీ, గుర్తింపు పొందిన ఒకటి రెండు కంపెనీల ఫోన్‌లు ఉన్నవారికే వయసు నిరూపించుకునే వీలు మిగులుతుంది. పాత ఫోన్ వాడేవారు, ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ పంచుకునేవారు, కాగితాలు పోగొట్టుకున్న శరణార్థులు, ఏ గుర్తింపు కార్డూ లేని వృద్ధులు పెద్దవారై ఉండి కూడా పిల్లల లెక్కలో పడతారు. గోప్యత, మోసాన్ని తట్టుకునే శక్తి, అందరికీ అందుబాటు, ఈ మూడింటినీ ఒకేసారి పూర్తిగా ఇచ్చే నిర్మాణం ఇప్పటిదాకా నాకు కనబడలేదు. ఏది తగ్గించుకుంటున్నామో చెప్పి తగ్గించుకోవడమే నిజాయితీ.

కాలిఫోర్నియా వేరే దారి ఎంచుకుంది. 2025లో చేసిన చట్టం ప్రకారం, 2027 నుంచి ఫోన్ లేదా కంప్యూటర్ తొలిసారి సిద్ధం చేసేటప్పుడు వయసు నమోదు చేస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ వయసు ఏ వర్గంలోకి వస్తుందో యాప్‌లకు తెలియజేస్తుంది. ఎవరూ కార్డు పంపనక్కర్లేదు. నమోదు చేసేవారు అబద్ధం చెప్పవచ్చు నిజమే, కానీ పిల్లకు ఫోన్ కొనిచ్చే తల్లి ఆ ఒక్క నిమిషంలో నిజం రాస్తే, ఆ తరువాత వందల యాప్‌ల ముందు ఆ పిల్ల ముఖం చూపించాల్సిన అవసరం ఉండదు. మామూలు సోషల్ మీడియాకు ఇంతమాత్రం చాలునని నా అభిప్రాయం. తనిఖీ గట్టితనం ప్రమాదం స్థాయిని బట్టి ఉండాలి గాని, అన్ని తలుపులకూ ఒకే తాళం పెట్టకూడదు.

తప్పించుకునే దారుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్రిటన్ నిబంధన అమల్లోకి వచ్చిన రోజున తమ సేవలో కొత్త నమోదులు 1,400 శాతం పెరిగాయని ప్రోటాన్ వీపీఎన్ ప్రకటించింది. వీపీఎన్ అంటే, వాడేవారు వేరే దేశంలో ఉన్నట్టు సైటుకు కనిపించేలా చేసే సేవ. వారిలో పిల్లలెందరో, కార్డు ఇవ్వడం ఇష్టంలేని పెద్దలెందరో ఆ అంకె చెప్పదు. కానీ రెండో రకం వారిని తేలిగ్గా తీసివేయకూడదు. మద్యం మానాలనుకుని తోటివారి సలహా వెతికేవారు, ఇంట్లో హింస భరిస్తూ బయటపడే మార్గం అడిగేవారు, తమ లైంగికత గురించి ఎవరితోనూ చెప్పుకోలేనివారు, ఇలాంటి ఎందరో పేరు తెలియకపోవడం వల్లనే మాట్లాడగలుగుతున్నారు. తమ కార్డు ఎక్కడో నమోదవుతుందన్న అనుమానం కలిగితే చాలు, వారు గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. ఆ తిరిగిపోవడం ఏ లెక్కల్లోనూ కనిపించదు.

ఇక మిగిలింది వాడిన తరువాత డేటా ఏమవుతుందన్న సంగతి. ఆస్ట్రేలియా చట్టం ఇందులో కొంత స్పష్టంగా ఉంది. వయసు తేల్చడానికి సేకరించిన సమాచారాన్ని ఆ పని ముగిశాక ధ్వంసం చేయాలి, ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే మార్గంగా ఏ వేదికా పెట్టకూడదు. అయినా అదే దేశం 2025లో జరిపించిన సాంకేతిక పరీక్షలో ఆందోళన కలిగించే విషయం ఒకటి బయటపడింది. రేపు నియంత్రణ సంస్థలు లేదా దర్యాప్తు అధికారులు అడగవచ్చని ముందే ఊహించుకుని, కొందరు సేవాదారులు అవసరానికి మించి డేటా నిలువ చేసుకునే ఏర్పాట్లు చేస్తున్నారు. అక్కడ దురుద్దేశం ఉండనక్కర్లేదు. తనిఖీ చేశామని రుజువు చూపకపోతే జరిమానా పడుతుందన్న భయం ఒక్కటి చాలు, ఏ కంపెనీ అయినా కాగితాలు దాచుకుంటుంది. కాబట్టి ఏం దాచాలో చెప్పినంత కచ్చితంగా ఏం దాచకూడదో కూడా చట్టమే చెప్పాలి. తొలగించామన్న మాటను బయటి ఆడిటర్ వచ్చి సర్వర్ల మీద, బ్యాకప్‌ల మీద, ఫిర్యాదులు చూసే బయటి కంపెనీల ఇన్‌బాక్సుల మీద పరీక్షించాలి.

అంతవరకు, ఏదైనా సైటు వయసు అడిగినప్పుడు ఆ తెర మీద చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అక్కడ తనిఖీ చేసే కంపెనీ పేరు వేరుగా ఉందా, ఫోటో ఫోన్‌లోనే ఆగుతుందని రాశారా, ఎన్ని రోజుల్లో చెరిపేస్తారో అంకెతో చెప్పారా, కార్డు కాక వేరే మార్గం ఉందా అన్నవి గమనించాలి. కార్డే ఇవ్వక తప్పదనుకుంటే, చట్టం ఒప్పుకునేచోట చిరునామాను, కార్డు నంబరును కప్పి, ముఖం, పుట్టిన తేదీ మాత్రం కనిపించేలా ఫోటో తీయవచ్చు. కప్పిన కార్డును తీసుకోబోమని సైటు తిప్పి పంపితే, అది వయసు కంటే ఎక్కువే అడుగుతోందని అర్థం.